మా చెల్లె నిజం చెప్పిన మత్తు డాక్టరమ్మ

ఆ పొద్దున నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. చెల్లె తన బిడ్డకు జడ వేస్తోంది. సెల్లు మోగింది. విని, జడ సగంలో వదిలేసి, "అక్కా, మన డాక్టరమ్మ పోయింది" అంది.

ఆ ‘మన’ నాకు గుచ్చుకుంది. ఆరేళ్లప్పుడు అమ్మ పోతే నన్ను పట్టుకుని ఏడ్చిన చెల్లె, ఇవాళ గోడ పట్టుకుని ఏడ్చింది.

ఆవిడ కాన్పు ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఏడేళ్ల కిందట దమ్మపేట దగ్గరి మా ఊరి నుంచి చెల్లెను జీపులో భద్రాచలం తీసుకెళ్లాం. బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఏమీ పెట్టొద్దని నర్సు చెప్పింది. కాన్పయ్యే మనిషికి ఖాళీ కడుపుతో బలం ఉండదని మా వైపు నమ్మకం. నర్సు అటు తిరగగానే చెంబెడు జావ తాగించాను.

డాక్టరమ్మ వచ్చి, "ఏమన్న తిన్నదా?" అని అడిగింది.

"ఏం తినలే. నడుముకు సూది మాత్రం వద్దమ్మా, జన్మంత నడుం పడిపోతదట. మొత్తం నిద్రపుచ్చుండ్రి."

ఆమె నాతో వాదించలేదు. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక చెల్లె వీపు మీద పెట్టింది. ఎవరి ఒంటిమీద చెయ్యి వెయ్యాలన్నా ఆమెకు అదే అలవాటట. "నొప్పులు పడేది నువ్వు బిడ్డా, నువ్వు చెప్పు. తిట్టను."

"అక్క జావ తాగిపిచ్చింది. గిప్పుడే."

"మొత్తం మత్తిస్తే అది పైకొచ్చి ఊపిరితిత్తులల్లకు పోవచ్చు. పానం మీదికొస్తది. నడుముకే ఇస్త. నొప్పి తగ్గంగనే పిల్లి లెక్క ముడుచుకో, కదలకు."

నేను తలుపు బయట దేవుణ్ని తలుచుకుంటూ నిలబడ్డాను. లోపల ఆమె చెల్లె చెయ్యి పట్టుకుని ముచ్చట్లు పెట్టిందట. బిడ్డ తొలి ఏడుపు చెల్లె చెవులారా విన్నది.

డాక్టరమ్మ బయటికొచ్చి, "జావ ఇంకా ఉన్నదామ్మా? పొద్దటిసంది చాయ నీళ్లే" అంది. చెంబు అడుగున ఉన్నది పోశాను. తాగి, "ముడుపులు ఎన్నన్న కట్టుకోండ్రి, కడుపుల ఏమున్నదో మాత్రం నాకు చెప్పుండ్రి" అంది. తిడితే బాగుండేది. తిట్టిన మనిషిని మరిచిపోవచ్చు.

ఆ తర్వాత ఏటా ఎండాకాలం చెల్లె తునికిపండ్లు పట్టుకుని ఆమె దగ్గరికి పోయేది. నాకు చెప్పని సంగతులు ఆమెకు చెప్పుకునేది. ఇంట్లో ప్రతిదానికీ ‘డాక్టరమ్మ గిట్ల చెప్పింది’. ఒకరోజు, "గా డాక్టరమ్మనే వచ్చి వండిపెట్టమను" అన్నాను.

"ఆమెకు వంట రాదే అక్కా. గందుకే నువ్వున్నవ్" అని నవ్వింది.

నేను పెంచిన పిల్ల నా అబద్ధానికి తోడు రాక, ఆమెకు నిజం చెప్పింది. నా కడుపుమంట అదే. చెల్లె బతికింది కూడా దానివల్లే. రెండూ తెలిసే ఇన్నేళ్లు కుళ్లుకున్నాను.

సాయంత్రం చెల్లె, ఆమె మొగుడు, నేను కూర్చున్నాం. డాక్టరమ్మ పెళ్లి నచ్చక ఎప్పుడో తెంచుకున్న ఆమె పుట్టింటివాళ్లు కడసారికి కూడా రామన్నారని ఆమె పెనిమిటి ఫోనులో చెప్పాడట. మా వైపు ముత్తయిదువ పోతే పుట్టింటి చీర కప్పే సాగనంపుతారు. పరాయివాళ్లు చేసే పని కాదది.

"పుట్టింటి చీర లేకుండనే పోతదా?" అంది చెల్లె.

మరిది నా ముఖం చూశాడు. తెల్లవారి మొదటి బస్సుకు పోయి, పుట్టింటి వైపు మేమే నిలబడాలని అనుకున్నాం. చీర తాను కప్పుతానంది చెల్లె.

"పెద్దక్కను నేనుండంగ నువ్వెట్ల కప్పుతవు?" అన్నాను.

 మరిది దుకాణానికి పోయి ఆకుపచ్చ అంచున్న పసుపు చీర తెచ్చి, చెల్లెకు ఇవ్వకుండా నా ఒళ్లో పెట్టాడు.