నేను తొందరపడి దించిన పాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, డిగ్రీ పట్టా మీద ఉన్నదంతా నా బుర్రలోనూ ఉందని నాకు గట్టి నమ్మకం. బేగంపేటలో ఒక చిన్న పాల ల్యాబులో ఆరు నెలల ప్రొబేషన్ మీద జూనియర్‌ని. కొందరు పసిపిల్లల ఒంటికి పాలలోని ప్రోటీన్లు పడవు. వాటిని ఎంజైముతో చిన్న చిన్న ముక్కలుగా కోయడమే మా పని. ముక్కలు బాగా చిన్నవైతే ఒళ్ళు వాటిని శత్రువులుగా గుర్తుపట్టే అవకాశం తగ్గుతుంది. (ఇంకా వివరంగా చెప్పగలను. కానీ పెళ్ళి విందుల్లో అలా చెప్పి చెప్పే నా పక్క కుర్చీ ఖాళీ చేయించుకున్నాను.)

ఆ పని మీద నాకు సొంత మమకారం ఉండేది. సైనిక్‌పురిలో ఉండే మా అక్క కూతురికి అప్పుడు పది నెలలు. ఒక్క చెంచా పాలు పడితే మొహమంతా ఎర్రగా ఉబ్బిపోయేది. "మీ మామ చేసే పాలు తాగుదువులే బిడ్డా" అని అక్క దాన్ని ఊరడించేది. నేను కాదనకపోగా "ఆర్నెల్లు ఆగక్కా" అని మాటిచ్చేశాను. ల్యాబులో చేసింది పిల్లల నోటిదాకా చేరాలంటే ఎన్నేళ్ళ పరీక్షలు దాటాలో తెలిసే ఇచ్చాను.

ప్రొబేషన్ చివరి వారంలో మా ల్యాబు మేడమ్ ఒక బ్యాచ్ మొత్తం నాకు అప్పగించారు. ఎంజైము తన పని చేశాక పాలను తొంభై డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచాలి, అప్పుడే అది చస్తుంది. "లేకుంటే అది కోస్తనే ఉంటది, పాలు చేదైతయ్. జెర ధ్యాన్ పెట్టు" అన్నారు. ఇంత చిన్న పనికి ధ్యాసెందుకని, 'తొంభై డిగ్రీలు, పది నిమిషాలు' అని రిజిస్టర్లో ముందే రాసేసుకున్నాను.

గిన్నె వేడెక్కుతుండగానే నురుగు బుసబుసా పైకి లేచింది. ఇక్కడ మా బన్సీలాల్‌పేట ఇంటి సంగతి చెప్పాలి. ఎనిమిదో ఏట నుంచీ పొయ్యి దగ్గర పాలకు కాపలా నేనే. "పొంగిచ్చినవో, చాయ్ బంద్!" అని అమ్మ లోపలి నుంచి కేకేసేది. ఆ భయం ఒంట్లో ఎంతగా ఇంకిందంటే, నురుగు కనిపించగానే నా చెయ్యి స్విచ్ ఆపేసి గిన్నె దించేసింది. ఒక్క చుక్క ఒలకలేదని తృప్తిపడి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్ళాను.

మర్నాడు పొద్దున మేడమ్ ఒక గుక్క రుచి చూసి సింకు దగ్గరికి పరుగెత్తారు.

"ఏందిది? కాకరకాయ రసమా?" అని నోరు కడుక్కుని రిజిస్టర్ తిప్పారు. "తొంభై, పది నిమిషాలు... నువ్వు సరిగ్గనే చేసినవ్. అంటే ఈ ఎంజైమే మనకు పనికిరాదు. ఇగ బంద్ చేద్దాం."

నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. కానీ ఒక మంచి ఎంజైముకు నా చేత్తోనే ఉరేస్తున్నానని తెలుస్తూనే ఉంది, అక్క కూతురి ఉబ్బిన మొహమూ గుర్తొచ్చింది.

"మేడమ్, పొంగుతున్నయని దించేసిన. థర్మామీటర్ సుత చూడలే. రిజిస్టర్ ముందే రాసిన."

ఆవిడ నన్ను తేరిపార చూశారు. "ప్రోటీన్ ముక్కలైతే నురుగు గట్లనే వస్తది. అప్పటికి డెబ్బై సుత దాటి ఉండదు! దించినందుకు కాదు గానీ, చెయ్యని పని రాసినందుకు ఇంకో మూడు నెలలు ప్రొబేషన్. ఇయ్యాల మళ్ళ చెయ్. చేతులు ఎనకకు కట్టుకొని నిలబడు."

అలాగే నిలబడ్డాను. ఈసారి పాలలో చేదు కొంచెమే ఉంది. ఆ ఎంజైముకు ఉరి తప్పింది. ఇంట్లో అమ్మ మాత్రం మండిపడింది. "పొంగకుంట దించితే సుత తిడ్తరా? ఏం ఆఫీసురా అది!"

మా పాలు బజారుకు రాకముందే, మూడో ఏట, అక్క కూతురి ఎలర్జీ దానంతటదే తగ్గిపోయింది. డాక్టరు చెప్పాకే పాలు పట్టారు. నా సాయం లేకుండానే తగ్గినందుకు సంతోషించాను, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళితే, నాకు చాయ్ పెడతానని పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్లో మునిగిపోయింది. నురుగు లేవడం నేను చూశాను. చూస్తుండగానే నా రెండు చేతులూ వాటంతటవే వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"నిలబడి సూస్తున్నవేందిరా!" అని అక్క అరిచింది.

అక్క కూతురు గుడ్డతో తుడుస్తూ, "మామా, నువ్వు నిజంగ పాల సైంటిస్టువేనా?" అంది. నవ్వొచ్చింది. ఆనాటి కుర్రాడైతే వెంటనే అవుననేవాడు. నేను ఇంకో గుడ్డ అందుకుని తుడవడానికి కూర్చున్నాను.