గన్నవరం హాల్లో మా నెమళ్లు

తొంభైల్లో మా పెడనవాళ్లకి గన్నవరం విమానాశ్రయమంటే పొడవాటి ప్రహరీగోడ, దాని వెనక బోలెడంత గడ్డి. హనుమాన్ జంక్షన్ మీదుగా బెజవాడ వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లం. విమానం కనిపించిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. రెండువేలు దాటిన కొన్నేళ్లకి హైదరాబాదు నుంచి రోజూ విమానం రావడం మొదలైంది. తర్వాత ఇంకోటి వచ్చింది. ముందు రోడ్డు వెడల్పు చేశారు, కార్లు ఆపుకోవడానికి జాగా చదును చేశారు, చివరికి ప్రయాణికులు కూర్చునే పాత గది పక్కనే పెద్ద హాలు కట్టడం మొదలుపెట్టారు. ఆ హాలు కూడా చాలక తర్వాత ఇంకా పెంచుకుంటూ పోయారు. నేను చెప్పబోయేది ఆ మొదటి హాలు సంగతి.

మా నాన్న కలంకారీ అద్దకం పని చేసేవాడు. చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద వేసి, గుప్పిటతో దాని నెత్తిన ఒక్క దెబ్బ కొట్టడం, మళ్లీ ముంచడం. నలభై ఏళ్లు ఆ పనే. ఆయన వేసిన దుప్పట్లు బందరు కొట్లకి, అక్కడినుంచి ఏయే దేశాలకో వెళ్లిపోయేవి. వాటిలో ఒక్కదాన్నయినా ఎవరైనా పరుచుకోగా ఆయన చూడలేదు. అలాంటిది, కొత్త హాలు పనులు చూసే అధికారి స్వయంగా మా షెడ్డుకి వచ్చి, ఒక గోడ నిండా పెడన గుడ్డ కావాలనీ, నెమళ్లుండాలనీ అడిగాడు. ఆయన వెళ్లగానే నాన్న టీకొట్టుకి వెళ్లాడు. సాయంత్రానికి ఆ సంగతి తెలియనివాళ్లు పెడనలో మిగల్లేదు. ఎప్పుడూ నాలుగు మాటలు మించి మాట్లాడని మనిషి, విమానం దిగినవాళ్లు మొట్టమొదట చూసేది తన నెమళ్లనేనని కనబడ్డవాళ్లకల్లా చెప్పాడు. వరసకి బావలయ్యే తోటి పనివాళ్లు, అయితే నిన్నూ ఆ గోడకే తగిలిస్తారేమోనని ఏడిపించారు. దానికీ మురిసిపోయాడు.

చిక్కల్లా రోజులు తక్కువ కావడం. మా పనికి పారే నీళ్లు కావాలి. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. ఎండలు ముదిరితే కాలవలు కట్టేస్తారు, అప్పుడిక మేం చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అందుకని నాన్న రాత్రనక పగలనక కూర్చుని అచ్చులు వేశాడు. రంగు పట్టడానికి కరక్కాయ నీళ్లలో గుడ్డ తడపడం, ఉతకడం, రంగులో ఉడకబెట్టేటప్పుడు కర్రతో తిప్పడం కూతురినైన నా వంతు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. అచ్చు మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు. నేనూ అడగలేదు.

కాలవ కట్టేయడానికి ఇంకా రెండు రోజులుందనగా గుడ్డ ఉతికాం. చెరో కొస పట్టుకుని గట్టు మీద ఆరేయడానికి ఎత్తినప్పుడు గుడ్డంతా నిటారుగా నా కళ్ల ముందు నిలబడింది. కింది వరస నెమళ్లు చక్కగా నిలబడి ఉన్నాయి. పై వరస నెమళ్లు తలకిందులుగా వేలాడుతున్నాయి.

ఎవరినీ అనడానికి లేదు. మేం పుట్టి బుద్ధెరిగి వేసినవన్నీ దుప్పట్లే. దుప్పటి మంచం మీద ఉంటుంది, మంచానికి ఏ పక్క నిలబడి చూసినా నెమలి నిటారుగా కనబడాలి. అందుకే రెండు పొడవు అంచుల్లోనూ కాళ్లు అంచువైపు, తల మధ్యకి వచ్చేలా అచ్చు వేస్తాం. మధ్యలో ఉట్టి తీగలు. నాన్న చెయ్యి అలవాటు కొద్దీ అదే వేసింది. గోడకి ఒక్క వైపే పైన ఉంటుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. కానీ రెండు రోజుల్లో ఇంకో గుడ్డ ఎక్కడ తయారవుతుంది? పైగా ఊరంతా చెప్పుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి గుడ్డ ఆరేశాను.

హాలు ప్రారంభానికి ముందురోజు, గుడ్డని అమ్మ పాత చీరలో మూటగట్టుకుని గుడివాడలో ఒక బస్సూ హనుమాన్ జంక్షన్లో ఒక బస్సూ మారి వెళ్లాం. గేటు దగ్గర మూటని లోపలున్నది చూసే యంత్రంలోకి తోశారు. నాన్న కంగారుపడి, రంగుకేమీ కాదు కదండీ అని అక్కడి పోలీసుని రెండుసార్లు అడిగాడు. హాలంతా కొత్త పెయింటు వాసన. కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. నేల జారుతుందేమోనని నాన్న చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

ఇద్దరు మనుషులు నిచ్చెనలెక్కి గుడ్డ తగిలించారు. అధికారి వెనక్కి వెళ్లి చూసి, చాలా బాగుంది పెద్దాయనా, ఈ హాల్లో ఇదే అందం అన్నాడు. నిచ్చెన మీదవాళ్లూ బాగుందన్నారు. పై వరస ఎవరి కంటా పడలేదు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

నాన్న మాత్రం గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కడ నిలబడిపోయాడు. చివరికి తనే అధికారి దగ్గరికి వచ్చాడు.

"సార్, తప్పు జరిగింది. పై వరస చూడండి."

అధికారి చూశాడు. చూసి నవ్వేశాడు. రేపే ప్రారంభమనీ, ఎవరూ అంత పరీక్షగా చూడరనీ, వదిలేయమనీ అన్నాడు.

"తలకిందులుగా ఉండేది చచ్చిన పక్షండీ. ఎగిరి వచ్చేవాళ్లకీ వెళ్లేవాళ్లకీ ఎదురుగా దాన్ని పెట్టకూడదు. దింపించండి," అన్నాడు నాన్న.

దాంతో అధికారి నవ్వు ఆగిపోయింది. గుడ్డ దింపారు. నాన్న కత్తెర అడిగాడు. ఆఫీసంతా వెతికితే దొరికింది మర్నాడు రిబ్బను కోయడానికి తెచ్చిన కొత్త కత్తెర ఒక్కటే. మావాళ్లు అచ్చేసిన గుడ్డకి కత్తెర పెట్టరు, అది దర్జీవాడి పని. నాన్న నేలమీద మోకాళ్లూని, మధ్యలో ఉన్న తీగల వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా కోశాడు. గుడ్డ లాగి పట్టుకున్నది నేను. నాకు ఏడుపొచ్చింది.

బజారు నుంచి సూదీ దారం తెప్పించారు. కోసిన అంచులు మడిచి కుట్టాను. పై ముక్క తిప్పితే ఆ నెమళ్లూ నిటారుగా నిలబడ్డాయి. ఒక ముక్క వెళ్లేవాళ్ల వైపు, ఒకటి వచ్చేవాళ్ల వైపు తగిలించారు. అదే సమయానికి విమానం దిగింది. నేను అద్దం దగ్గరికి పరిగెత్తాను. నాన్న తల తిప్పలేదు, నెమళ్లనే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో గుడివాడ దాటాక ఇక దాచలేకపోయాను. కాలవ దగ్గరే చూశానని చెప్పేశాను.

"నేనూ అక్కడే చూశానమ్మాయ్," అన్నాడు. "నువ్వేమన్నా అంటావేమోనని నీ మొహం వంకే చూస్తున్నా. నువ్వనలేదు. బతికిపోయాననుకున్నా."

నాకు ఒళ్లు మండింది. ఆయన మనసు నొప్పించకూడదని నేను నోరు మూసుకుంటే, ఆ చాటున ఆయన దాక్కున్నాడు. మరి అందరూ బాగుందన్నాక ఎందుకు దింపించావని అడిగాను.

"ఇన్నేళ్లలో నా పని బాగుందని నా మొహం మీద చెప్పినవాడు ఆ సారొక్కడే. తప్పు పనికి ఆ మాట పుచ్చుకోబుద్ధి కాలేదు." ఒళ్లోని అమ్మ చీర మడత సర్దుతూ, "ఇకమీదట నువ్వు ముందే చెప్పెయ్. నాకు ధైర్యం చాలదు," అన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న, కాలవలో నీళ్లొచ్చాక ఉతుక్కోవచ్చని, షెడ్డులో కొత్త గుడ్డ పరిచి మొదటి అచ్చు వేశాడు. రెండోది ముంచకుండా నా వంక చూశాడు.

"వంకరగా పడింది నాన్నా," అన్నాను.

గుడ్డ తీసేసి ఇంకోటి పరిచాడు.