గోడలోకి వెళ్ళిన బాణం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బాబాయిగారి టాబ్‌ని నా కంప్యూటరుతో కలిపింది ఆయన మీద జాలితో కాదు. కౌంటరు దగ్గర జనం మధ్య కూర్చోవడం తప్పించుకోవడానికి.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. "ఎంత మంచి ఆలోచన చేసిందో చూడండి" అని పిన్నిగారు షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. లోపలి గదిలో నేను తల వంచుకుని టైపు కొడుతూ ఉండేదాన్ని.

బాబాయిగారు, పిన్నిగారు అంటున్నాను గానీ వాళ్ళు నాకు చుట్టాలు కారు. తిరువూరు బస్టాండుకి దగ్గర్లో వాళ్ళకి డీటీపీ సెంటరు ఉంది. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షను కార్డులు, గృహప్రవేశం కార్డులు అక్కడ తయారవుతాయి. అచ్చు మాత్రం విజయవాడలో వేయిస్తారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ టైపిస్టుగా చేరాను. నేను అక్షరాలు కొడితే ఆయన వాటిని కార్డులో అమర్చేవారు. ఆయన ఒక్క మాటని వెంట్రుకవాసి పైకి జరిపితే, అప్పటిదాకా ఇరుకుగా ఉన్న కార్డు విశాలమైపోయేది. ఎందుకు జరిపారో అడగాలనిపించేది. అడిగేదాన్ని కాదు. ఏ మాట ఎక్కడికి జరిగిందో ఇంటికి వెళ్ళి డైరీలో గీసుకునేదాన్ని.

పోయిన ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు బెదిరిన కోడిపిల్లలా కార్డంతా పరుగెత్తేది. విజయవాడలో ఉద్యోగం చేస్తున్న వాళ్ళమ్మాయి ఒక టాబ్ కొని తెచ్చింది. దాన్ని కౌంటరు మీద స్టాండుకి ఆనించి, ఎడమ చూపుడువేలితో తాకుతూ ఆయన మళ్ళీ పనిలో పడ్డారు. బొమ్మలు జరపడం వచ్చేసింది. అక్షరాల దగ్గరే చిక్కు. వేలు అక్షరం కంటే లావు. పేజీని పెద్దది చేసుకుంటే అక్షరం వేలికి అందుతుంది గానీ కార్డు మొత్తం కనబడదు. ఆయన పనంతా మొత్తాన్ని చూస్తూ చేసేది.

"అమ్మాయ్, నువ్వు బయటకొచ్చి బాబాయి పక్కన కూర్చో. ఆయన చూపిస్తారు, నువ్వు చేసిపెట్టు" అన్నారు పిన్నిగారు.

కౌంటరు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పెళ్ళివారు ఉంటారు. "పేరు అంత చిన్నగా వేశారేంటి?" అని మేనమామలు అడుగుతూనే ఉంటారు. వాళ్ళ మధ్య కూర్చోకుండా ఉండే దారి వెతికాను. ఒకే కీబోర్డు, ఒకే మౌస్‌తో కంప్యూటరునీ టాబ్‌నీ రెండిటినీ నడపొచ్చని ఎక్కడో చదివాను. నాలుగు రోజులు వెతికి నేర్చుకున్నాను. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. మొదటిసారి నేను 'శుభమస్తు' అని కొడితే టాబ్‌లో ఇంగ్లీషు అక్షరాలు అడ్డదిడ్డంగా పడ్డాయి. కీబోర్డు నాదే అయినా, ఏ భాష రాయాలన్నది టాబ్ తన సెట్టింగుల ప్రకారమే తేల్చుకుంటుందట. అక్కడా తెలుగు పెట్టాక సరిపోయింది.

ఆ తరువాత జరిగింది ఎన్నిసార్లు చూసినా నాకు పాతబడలేదు. నా గదికీ కౌంటరుకీ మధ్య చెక్క అడ్డం, దానికి ఒక గాజు కిటికీ. మౌస్‌ని కుడివైపుకి తోస్తూ పోతే నా తెర అంచు దగ్గర బాణం కనబడకుండా పోయేది. తల తిప్పి గాజులోంచి చూస్తే అప్పటికే ఆయన వేలి పక్కన ఉండేది. మధ్యలో తీగ లేదు. గాలి, గాజు, పిన్నిగారి టీ ఫ్లాస్కు మాత్రమే ఉన్నాయి. ఆయన వేలు ఆనించిన మాట దగ్గరకి నేను బాణాన్ని తీసుకెళ్ళేదాన్ని. ఆయన వేలు ఎటు కదిపితే అటు, ఆగమంటే ఆగడం. మొదటిరోజు ఆయన బాణాన్ని వేలితో తాకి, అది నిజంగా ఉందా అన్నట్టు నా వైపు చూశారు.

అంతలో వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరింది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి కార్డులు అమర్చినాయన. కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడే మామిడిపిందెల తీగతో ఒక అంచు గీసి పెట్టుకున్నారట. ఎంతమంది అడిగినా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ కార్డు తన చేతుల మీదుగానే రావాలని ఆయన పట్టు. శుక్రవారం నాలుగింటికల్లా ఫైలు అందకపోతే, తమ డిజైనరే ఏదో ఒకటి చేసేస్తాడని ప్రెస్సువాళ్ళు తేల్చిచెప్పారు.

ఆ వారం మొదట్లో ఎ.కొండూరు నుంచి బాబాయిగారి అక్కగారు పెళ్ళిపనులకని వచ్చి ఉండిపోయారు. వచ్చీరాగానే లోపలి గదంతా కలయజూసి నా బల్ల దగ్గర ఆగిపోయారు.

"దక్షిణానికి ముఖం పెట్టి పని చేస్తే చెయ్యి పడిపోక ఏమవుద్దిరా?"

"దక్షిణానికి కూర్చునేది ఈ పిల్ల, వదినా. పడింది ఆయన చెయ్యి. ఇదేం వాస్తు?" అన్నారు పిన్నిగారు.

"అంతకుముందు ఆ కుర్చీలో కూర్చుందెవరు? వాడేగా! పెళ్ళి పెట్టుకుని ఎదురు మాట్లాడకు. తిప్పించు."

తిప్పించారు. బల్ల ఉత్తరానికి తిరిగింది. నిమ్మకాయ కోసి, బల్లకి బొట్టు పెట్టి, కంప్యూటరుకి కూడా బొట్టు పెట్టారు. మర్నాడు పొద్దున మౌస్ తోస్తే బాణం ఏ అంచూ దాటలేదు. చూస్తే బల్ల తిప్పడంలో వైఫై పెట్టె తీగ ఊడిపోయింది. పెట్టాను. దీపాలు వెలిగాయి. అయినా బాణం దాటలేదు. కౌంటరు ఇప్పుడు నాకు ఎడమచేతి వైపు ఉంది. ఎడమకి ఎంత తోసినా బాణం అంచుకి తగిలి ఆగిపోయేది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. టాబ్ ఆపి వేశాను. వైఫై పేరు రెండిటిలోనూ సరిచూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి.

గురువారం విస్సన్నపేట నుంచి కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చాడు. మౌస్ మార్చి చూశాడు. వైఫై పెట్టెని ఎత్తి పట్టుకుని చూశాడు. చివరికి చెమట తుడుచుకుంటూ, "ఇట్టాంటివి ఫారిన్‌లో పనిచేస్తాయి మేడమ్. మన తిరువూరు ఎండకి సిగ్నలు ఎండిపోద్ది" అన్నాడు.

"ఎండిపోడానికి అదేమన్నా మిరపకాయా?" అన్నారు పిన్నిగారు.

శుక్రవారం మధ్యాహ్నానికి కార్డు సగంలో ఉంది. టాబ్‌లో మొదలుపెట్టిన కార్డు నా కంప్యూటరులో తెరుచుకోదు. చుట్టూ మామిడిపిందెల అంచు, పైన వినాయకుడు ఆయన వేలితోనే చక్కగా కుదిరాయి. నేను టైపు చేసి పంపిన మాటలన్నీ మధ్యలో కుప్పగా పడి ఉన్నాయి. ఆయన వేలితో ఒక వరస కదిపితే పక్క వరస కూడా వచ్చేస్తోంది. సిగ్గు చంపుకుని నేనూ బయటకు వెళ్ళి ప్రయత్నించాను. కార్డులకి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తుంటే నా వేలు ఆయన వేలి కంటే ఎక్కువ వరసల్ని చెదరగొట్టింది. ఆయన నా చెయ్యి మెల్లగా పక్కకి తప్పించి, తెర వైపు చూస్తూ ఉండిపోయారు.

రెండు దాటాక పిన్నిగారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. "పోనీలెండి. ప్రెస్సువాళ్ళనే చేసుకోమందాం. కార్డు ఎవరు చేస్తే ఏంటి, పెళ్ళి బాగా జరగాలి గానీ" అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన్ని అలా చూడలేక నేను గదిలోకి వచ్చేశాను.

బల్ల మీద తల ఆనించుకోవాలని, అడ్డంగా ఉన్న మౌస్‌ని విసురుగా పక్కకి నెట్టాను. కుడివైపుకి, గోడ వైపుకి. కౌంటరు దగ్గర నుంచి "ఆఁ! ఆఁ!" అని ఆయన గొంతు వినబడింది.

"ఏమైందండీ?" అంటూ పిన్నిగారు ఫోను వదిలేసి పరుగెత్తారు. ఆయనకేమీ కాలేదు. వేలితో టాబ్‌ని చూపిస్తున్నారు. తెర మధ్యలో నా బాణం ఉంది.

గోడలోకి వెళ్ళిన బాణం కౌంటరు మీద తేలింది! మౌస్ కొంచెం కదిపాను. అక్కడ కదిలింది. అప్పుడు సెట్టింగులు తెరిచి చూశాను. అందులో రెండు పెట్టెల బొమ్మ ఉంటుంది, ఒకటి కంప్యూటరు, ఒకటి టాబ్. టాబ్ పెట్టె ఇంకా కుడివైపునే ఉంది. బల్లని మేం తిప్పాం, నిమ్మకాయ కోశాం, బొట్టు పెట్టాం. తిప్పామని కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. మూడు రోజులుగా అది పాత దిక్కులోనే టాబ్ ఉందనుకుంటూ, కుడివైపు తలుపు తెరుచుకుని కూర్చుంది. నేనేమో తెర ఎడమ అంచుని బాదుతున్నాను.

టాబ్ పెట్టెని బొమ్మలో ఎడమకి లాగాను. తరువాత ఎడమకి తోస్తే బాణం తిన్నగా గాజు కిటికీ వైపు సాగి ఆయన దగ్గరకి చేరింది.

"ఎడమా కుడీ మారిపోయాయండీ, అంతే" అన్నాను. కౌంటరు దాకా వినబడేలా నేను మాట్లాడడం బహుశా అదే మొదటిసారి.

"చూశావా, తిప్పబట్టే దారికొచ్చింది" అన్నారు అక్కగారు. పిన్నిగారు ఆమె వైపు ఒక చూపు చూసి, ప్రెస్సుకి ఫోను చేసి నాలుగింటికల్లా ఫైలు పంపుతామన్నారు.

ఇక గంటన్నర పాటు అదే పని. ఆయన వేలు 'శ్రీరస్తు' మీద ఆగేది. నా బాణం వెళ్ళి దాన్ని పట్టుకునేది. వేలు పైకి జరిగేది. నేను జరిపేదాన్ని. వేలు గాలిలోకి లేస్తే ఆగిపోయేదాన్ని. ముహూర్తం వరస, వేదిక వరస, తాతగారి పేరు, విందు. ఒకచోట రెండు వరసల మధ్య ఆయన నాలుగుసార్లు పైకీ కిందకీ జరిపించారు. నాలుగోసారి ఆ రెండు వరసలూ పక్కపక్కన కూర్చున్న మనుషుల్లా కుదురుకున్నాయి. అంత సన్నటి తేడా ఆయన కంటికి ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. పడిపోయిన చెయ్యిలోని నేర్పు ఎక్కడికీ పోలేదు. ఆయన కంటిలోనే ఉంది. అది ఎడమవేలి మీదుగా వచ్చి, గాలిని దాటి, ఎప్పుడూ ఎవరి కళ్ళలోకీ చూడని నా చేతిలోకి దిగుతోంది. ఊపిరి గట్టిగా తీస్తే జారిపోతుందేమోనని భయపడ్డాను.

నాలుగుకి పది నిమిషాలు ఉందనగా ఒక్క వరస మిగిలింది. చి.ల.సౌ. అని మొదలయ్యే వాళ్ళమ్మాయి పేరు. అన్నిటికంటే పెద్ద అక్షరాలు. చుట్టూ ఖాళీ. నేను అలవాటుగా బాణాన్ని దాని మీదకి తెచ్చి ఆయన వేలి కోసం చూశాను. వేలు రాలేదు. ఆయన గాజులోంచి నన్నే చూస్తున్నారు. తరువాత ముద్దగా, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అన్నారు. ఆ రోజు ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

"నువ్వు చెయ్యి తీసెయ్యమ్మా. ఇది నేను పెట్టుకుంటా."