సంగప్ప కొత్త మందు

నారాయణఖేడ్ బస్ డిపో వెనక గదిలో ఆర్ఎంపీ సంగప్ప జ్వరాలకు మందిస్తాడు. గుట్కా నములుతూనే పిల్లల గొంతులోకి టార్చి కొట్టి చూస్తాడు. ఎర్రటి ఉమ్మి మూలకు ఊసి, మూతి తుడుచుకున్న చేత్తోనే సూది అందుకుంటాడు. షైనీ కూతురు నిస్సీకి నెలనెలా జ్వరం వచ్చేది, నోరు పూసేది. సంగప్ప ప్రతిసారీ సూది పొడిచి, జ్వరం దానంతటదే దిగితే "నా చెయ్యి గసొంటిది" అనేవాడు. విసిగిపోయి షైనీ బిడ్డను హైదరాబాద్ తీసుకెళ్లింది. ఇది క్రిముల జ్వరం కాదని, ఒంట్లోని రక్షణ శక్తే అదుపు తప్పి రాజేసే అరుదైన జబ్బని అక్కడి డాక్టరమ్మ తేల్చింది. జ్వరం మొదలవగానే ఒక్క మోతాదు స్టెరాయిడ్ తాగిస్తే సాయంత్రానికి నిస్సీ ఆడుకుంది. వేరే జ్వరాలకు ఇది పోస్తే ప్రాణం మీదికొస్తుందని కూడా డాక్టరమ్మ హెచ్చరించింది.

ఆ సంగతి విని సంగప్ప దారిలో షైనీని ఆపి ఆ మందు సీసా అడిగాడు. "గింత జల్దీ దిగిందా?" అంటూ మందు పేరు చదువుకున్నాడు. కొన్నాళ్లకు షైనీ అటుగా వెళ్తుంటే, గదిలో బల్ల మీద తల్లుల ఒడిలోని పిల్లలందరి నోట్లో అదే మందు పోస్తున్నాడు. ఒక పసివాడి ఒళ్లంతా డెంగీ మచ్చలు.

"గది మా బిడ్డ జబ్బుకే! అందరికి ఎట్ల పోస్తున్నవ్?" అని అరిచింది.

సంగప్ప ఎర్రటి పళ్లతో నవ్వాడు. "నీ బిడ్డకు తగ్గలేదా? నువ్వే చూపిస్తివి గద."

షైనీకి గడప దగ్గరే వాంతయింది. తల్లులు చీర కుచ్చిళ్లు ఎత్తుకుని కాస్త జరిగారు. బల్ల మీది నుంచి మాత్రం ఎవరూ లేవలేదు.