బోణీకి రెండున్నర కవళ్లు

ఆ రోజుల్లో మనిషి కాస్త లావెక్కితే ఒంటికి తిండి పట్టిందని సంతోషించేవాళ్లు, చిక్కిపోతే ఏం దిగులు పెట్టుకుందో అని అడిగేవాళ్లు. అంతకు మించి తిండి గురించి ఆలోచించే తీరిక మా పేటలో ఎవరికీ ఉండేది కాదు. సముద్రం ఇచ్చింది తినేవాళ్లం, ఇవ్వని రోజున ఎండబెట్టుకున్నది తినేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలి బల్ల మీద మూడు పుస్తకాలున్నాయి, మూడూ తిండి గురించే. ఒకదాంట్లో ఎంత తినాలో ఉంది, ఒకదాంట్లో ఏ వేళకి తినాలో ఉంది. మూడోది భూమికి నొప్పి తగలకుండా ఎలా తినాలో చెబుతుందట. ("మూడోది నిజంగా మంచి పుస్తకం నాన్నమ్మా" అంటోంది, నేను చెప్పేది రాస్తూనే. రాయి, అది కూడా రాయి.) నిన్న దాన్ని నాకు చదివి వినిపించింది. మన తీరంలో దొరికే చిన్న చేపలే తినాలట. ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఆకులో కట్టించుకోవాలట. నాకు ఒళ్లు మండిపోయింది. అందులో ఉన్నది తప్పని కాదు. నలభై ఏళ్లు అడ్డాకులో చుట్టి ఇంటింటికీ కవళ్లు ఇచ్చినదాన్ని నేను. కవళ్లంటే జానెడు కూడా ఉండని వెండిరంగు చేపలు. నూనె ఎక్కువ, ముల్లు ఎక్కువ, ధర తక్కువ. అప్పట్లో ముక్కు మూసుకుని "ఆకు కారుతోంది, కవరు లేదా?" అని నన్ను కసిరినవాళ్ల పిల్లలే ఇప్పుడు డబ్బు పోసి పుస్తకం కొని ఆకు సంగతి తెలుసుకుంటున్నారు. కోపం రాదా, మీరే చెప్పండి. అయితే తిండి పుస్తకాల మీద నా కోపం నిన్న పుట్టింది కాదు. నా పదిహేడో ఏట, సీతమ్మధారలో, ఒక పిల్లల డాక్టరుగారి వరండాలో పుట్టింది.

మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధారలో ముప్పై ఇళ్లు తిరిగేది. వాటిని మేం వాడుక ఇళ్లు అంటాం. ఒకరి వాడుక ఇంటికి మా పేట నుంచి మరొకరు వెళ్లకూడదు, అది మాలో కట్టుబాటు. మగవాళ్లకి పడవ ఎంతో, ఆడవాళ్లకి ఆ ఇళ్లు అంత. ఆ ఏడు అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. ఇళ్లు ఎవరికివ్వాలి? కూతురినైన నాకా, పెద్ద కోడలైన మా వదినకా? వదిన నెమ్మదస్తురాలు. పది మాటలంటే ఒక నవ్వు నవ్వి ఊరుకునేది. నేను ఒక మాటంటే పది అనేదాన్ని. అమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పేసింది. "ఈ వారమంతా గుంట ఎల్తాది. రోజూ గంప కాళీ సేసుకొచ్చిందా, ఇళ్లు దీనియే. ఒక్కనాడు సేప తిరిగింటికొచ్చినా సరే, గంప కోడలిది. గుంట రొయ్యల సెడ్డుకి ఎల్తాది." గుంటంటే ఆడపిల్ల, అంటే నేను. రొయ్యల షెడ్డంటే తెలుసా? పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. మా పేటలో ఆ పనికి వెళ్లిన ఆడపిల్లల వేళ్లు చూస్తే అన్నం సయించేది కాదు. "ఇంకో మాట," అంది అమ్మ. "బోణీ మాత్తరం కళ్లద్దాలమ్మ సేతి మీదే అవ్వాల. ఆ సెయ్యి పడకండా ఇంకెవులికీ ఒక్క సేప ఇయ్యకు." కళ్లద్దాలమ్మ అంటే వరసలో మొదటి ఇంటావిడ. ఆవిడ చెయ్యి చల్లనిదని అమ్మ నమ్మకం. (ముప్పై ఇళ్లలోనూ బేరం ఆడని ఆడమనిషి ఆవిడ ఒక్కర్తే. చెయ్యి చల్లగా ఉండక ఏం చేస్తుంది?)

ఆరు రోజులు దేవుడి దయవల్ల గడిచాయి. ఏడో రోజు గంప నిండా కవళ్లతో ఆవిడ గేటు ముందు దిగాను. ఆవిడ వరండాలో కూర్చుని ఉంది, ఒళ్లో ఒక పుస్తకం. అట్ట మీద సన్నటి ఆడమనిషి బొమ్మ, చేతిలో ఒక దోసకాయ ముక్క. దాన్ని చూసి నవ్వుకుంటోంది ఆ బొమ్మ. దోసకాయని చూసి నవ్వే మనిషిని నేను అప్పటిదాకా ఎరగను, అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఇయాళ కుప్ప వద్దే," అంది ఆవిడ. "ఇంట్లో అందరూ ఊరెళ్లారు. నా ఒక్కదానికే. వంద గ్రాములు ఇయ్యి."

"గ్రాములేటమ్మగోరూ? కవళ్లు కుప్పల్లెక్కే కదా."

"పుస్తకంలో అలా రాశారు. వారం రోజులు ఉడకపెట్టిన ఆనపకాయ తిన్నాను, ఉప్పు కూడా లేకుండా. ఇయాళ్టి నుంచి చేప తినొచ్చు, కానీ వంద గ్రాములే. దాటితే ఆ వారమంతా గంగలో కలిసినట్టే."

"కుప్ప తీసుకోండి, తిన్నన్ని తినీసి మిగతాయి వొగ్గీండి."

"కుప్ప ఇంట్లో ఉంటే కుప్పంతా నేనే తినేస్తానే!" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందో ఇప్పుడు నాకు బాగా వినబడుతోంది. అప్పుడు వినబడలేదు. నా చెవులు గంపలోని ఐసు కరిగి చుక్కలు పడుతున్న చప్పుడు మీదే ఉన్నాయి.

"పోనీ నా కళ్లతో సూసి సెప్తాను. ఇదిగో, ఇది వంద."

"నీ కళ్లలో గీతలున్నాయేటే? పుస్తకం అంటే ఆటలా?"

"ఆ పుత్తకం రాసినోడెవులు?"

"ఎవరో పెద్ద డాక్టరుగారు."

"ఆయనింటికి సేపలెవులు ఎడతారు? కవళ్లు తక్కెట్లో ఏసి అమ్మినోలెవులో సూపించమనండి, నానూ నేర్సుకుంటాను!"

అప్పుడే మర్యాదగా రెండిళ్లు ముందుకి వెళ్లిపోయి ఉంటే ఏ గొడవా లేదు. కానీ బోణీ కాలేదు కదా. నేను పళ్లు నూరుకుంటూ గంప ఎత్తుకున్నాను, ఆవిడ పుస్తకం పట్టుకుని చెప్పులేసుకుంది, ఇద్దరం తక్కెడ కోసం బయల్దేరాం. వీధి చివర కిరాణా కొట్టాయన మమ్మల్ని చూసి రెండు చేతులూ తక్కెడకి అడ్డం పెట్టేశాడు. "ఇందులో చేపలెడితే రేపట్నుంచి నా బెల్లం ఎవడు కొంటాడండీ? తల్లీ, దూరం, దూరం!" అన్నాడు. నేను తిట్టబోయాను. కళ్లద్దాలమ్మ నా రెక్క పట్టుకుని లాగింది. "పక్క సందులో పిల్లల డాక్టరుగారున్నారు కదే. అక్కడ పసిపిల్లల్ని తూచే బల్ల ఉంది. గ్రాములతో సహా చూపిస్తది," అంది. చదువుకున్న మనిషి, ఆవిడకి ఆ ఆలోచన వచ్చింది. చదువులేని మనిషిని, నేను సరేనన్నాను. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గుండాలో నాకింకా తేలలేదు.

వరండా నిండా పిల్లల తల్లులు. లోపల డాక్టరుగారు, బయట బల్ల మీద తొట్టిలాంటి తూకం, దాని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నర్సమ్మ మందు తేవడానికి లోపలికి వెళ్లింది. నేను తొట్టిలో రెండు అడ్డాకులు పరిచి (శుభ్రం నాకు తెలుసు) ఒక కవ్వ పెట్టాను. ముల్లు కదల్లేదు. రెండోది పెట్టాను, మూడోది పెట్టాను. పసిపిల్లల్ని తూచే ముల్లు, కవ్వని చూసి ఎందుకు కదులుతుంది? "ఇంకా పెట్టు, ఇంకా పెట్టు," అంటోంది కళ్లద్దాలమ్మ, తూకం మీదకి వంగి. పది పెట్టేసరికి ముల్లు నాలుగు గీతలు జరిగింది. గీతకి వంద. ఆవిడ పుస్తకం వెనక అట్ట మీద వేలితో లెక్క వేసింది. "పదికి నాలుగు వందలు. అంటే వందకి... రెండున్నర. రెండున్నర కవళ్లు ఇయ్యి."

"రొండున్నరేటి?"

"రెండు, ఇంకో సగం."

మా పేటలో బోణీకి తెగిన చేప ఇవ్వరు. ఇస్తే వల తెగుతుందంటారు. మా నాన్న, అన్న అప్పటికి నీళ్ల మీదే ఉన్నారు. "మూడు తీసుకోండి," అన్నాను. "ఎక్కువైపోద్ది," అంది. "రొండు తీసుకోండి." "ఆకలేస్తది," అంది. ఈలోగా తల్లులు మూగేశారు. ఒకావిడ చంకలో పిల్లాడితో ముందుకొచ్చి, "కవళ్లు భలే మెరుస్తన్నాయే! నాకో రెండు కుప్పలు కట్టీ," అంది. వెనకావిడ "నాకూ" అంది. గోపాలపట్నం నుంచి పిల్లకి సూది మందు వేయించడానికి వచ్చిన ముసలావిడ ఏకంగా గంప మీదే చెయ్యి వేసింది. నేనేం చేశానో తెలుసా? గంపని రెండు చేతులా కప్పేసి, "ఇయ్యను! బోణీ అవ్వనేదు!" అని అరిచాను. ఎదురుగా పది మంది డబ్బులు చూపిస్తూ అడుగుతున్నారు, ఎండ ముదిరిపోతోంది, చేపల కళ్లు పాలిపోతున్నాయి, సాయంత్రానికి నేను రొయ్యల షెడ్డు పిల్లనైపోతున్నాను, అయినా ఇయ్యనంటున్నాను.

"ఇదేటే ఈ గుంటకి? అమ్ముకోడానికొచ్చిందా, సూపించడానికొచ్చిందా?" అంది ముసలావిడ.

అప్పుడే నర్సమ్మ బయటికొచ్చింది. ఆవిడ అరిచిన అరుపుకి వరండాలో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపందుకున్నారు. లోపల్నుంచి డాక్టరుగారు పరుగున వచ్చి, తొట్టిలో ఉన్న పది కవళ్లనీ, నన్నూ, చేతిలో పుస్తకంతో నిలబడ్డ కళ్లద్దాలమ్మనీ చూసి, ఎంతో నిదానంగా "ఈ పదిమందిలో జొరం ఎవరికమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నా తల తిరిగిపోయింది. కళ్లద్దాలమ్మ వైపు తిరిగి నోటికొచ్చినట్టు పేలాను. "తినాలనుంటే తినండి, నేకపోతే మానీండి! పుత్తకంలో సూసి ఆకలెయ్యాలేటి మీకు? ఆ రాసినోడొచ్చి నా గంప కొంటాడా? మీ సగం సేప కోసం నా బతుకు సగం సెయ్యాలేటి?" ఆవిడ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నేను తొట్టిలోంచి పది కవళ్లూ ఎత్తి, ఎదురుగా ఉన్న నర్సమ్మ చేతిలో పెట్టేశాను. "నువ్వే బోణీ సెయ్యమ్మా!" తూకం ఎవరు కడుగుతారని తిడుతూనే ఆవిడ డబ్బులు తీసింది. (కవళ్లని చూసి తిట్టు కాస్త తగ్గింది, అది నిజం.) ఆ తర్వాత చూడండి, అరగంటలో గంప బోర్లించాను. తల్లులు, ముసలావిడ, కాంపౌండరు, ఆఖరికి డాక్టరుగారింటి వంటావిడ కూడా కొన్నారు. మిగతా ఇళ్లకి వెళ్లడానికి చేపే లేదు.

తూకం నేనే రెండుసార్లు సబ్బేసి కడిగాను. తలెత్తేసరికి కళ్లద్దాలమ్మ ఇంకా మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "నాకు లేవేటే?" అంది. "అయిపోనాయమ్మగోరూ," అన్నాను, నవ్వుతూ. గెలిచినట్టు నవ్వాను. ఆవిడ తల ఊపి, పుస్తకం చంకలో పెట్టుకుని, ఎండలో వెళ్లిపోయింది.

ఖాళీ గంప అమ్మ ముందు బోర్లించి చూపించాను. అమ్మ గంప వైపు చూడలేదు. "బోణీ ఎవులు?" అంది. జరిగిందంతా చెప్పాను, రెండున్నర దగ్గర గొంతు మార్చి మరీ చెప్పాను. వదిన పొయ్యి దగ్గర మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు. "ఆవిడికేటిచ్చావు?"

"ఏటీ ఇయ్యనేదు."

"వారం నుంచి తిండి నేని మడిసి నీ గంప కాడికొచ్చి సేపడిగితే ఏటీ ఇయ్యకండా వొచ్చీసావేటి?" అమ్మ అంత నెమ్మదిగా తిట్టడం అదే మొదలు. "గంప కాళీ సేసావు. మాటిచ్చాను కాబట్టి ఇరవై తొమ్మిదిళ్లు నీయే. ఆ ఇల్లు మాత్తరం నీకియ్యను. అది కోడలిది."

మర్నాటి నుంచి వదిన ఒక్క ఇంటికోసం ఒక చిన్న తట్టతో నాతో పాటు బస్సెక్కేది. ఆవిడ లోపలికి వెళ్లేది, నేను మొహం అటు తిప్పుకుని గేటు దాటిపోయేదాన్ని. ఆ గొడవకి కొద్ది రోజుల ముందు కళ్లద్దాలమ్మ భర్త, ఎవరో చుట్టాలతో ఫొటో తీయించుకుంటూ, "నువ్వు పక్కకి జరుగు, నువ్వుంటే ఇంకెవరూ పట్టరు," అన్నాడట. ఆవిడ ఆ పుస్తకం ఆ సాయంత్రమే కొనుక్కొచ్చుకుందట. ఇది వదినకి చెప్పుకుంది, వదిన నాకు చెప్పింది. విన్న రోజు నుంచి నా కోపానికి ఎటు తిరగాలో తెలియలేదు. పుస్తకం రాసినాయన మీద కాస్త తగ్గింది, ఫొటో మనిషి మీద బాగా పెరిగింది, మిగిలింది నా మీద పడింది. నా మీద పడ్డ కోపాన్ని నేను మోయలేక, రోజూ ఆ గేటు దగ్గర అడుగులు ఇంకా వేగంగా వేసేదాన్ని.

అలా నాలుగేళ్లు గడిచాక ఒక పొద్దున్న ఆవిడే గేటు దగ్గరకి వచ్చి నిలబడింది. మునుపటికంటే కాస్త నిండుగా ఉంది, మొహం బాగుంది. "ఏటే పిల్లా, ఇంకా కోపమేనా?" అంది. క్షమించమని అడగడానికి నాలుగేళ్ల నుంచి మాటలు కూడబెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. "తింటన్నారా అమ్మగోరూ?" అన్నాను. "బాగా తింటన్నాను," అంది నవ్వుతూ. "మీ వదిన కుప్ప నీ కుప్పకంటే పెద్దదే!"

చెప్పనా, ఆ మాటకి నాకు మళ్లీ భగ్గుమంది. క్షమాపణ గాలికిపోయింది. ఒకే పడవ, ఒకే వల, కుప్ప పెద్దదెలా అవుతుంది? వదినతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆవిడ ఎప్పట్లాగే ఒక నవ్వు నవ్వి ఊరుకుంది. ఇప్పుడు అప్పటి నేను, ఆ పొగరు పిల్ల, గుర్తొస్తే, చెంప మీద ఒకటి వెయ్యాలనిపిస్తుంది, వేశాక దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఆ గేటు దగ్గర ఆవిడతో కలిసి నవ్వేసి ఉంటే సరిపోయేది. ఇవాళ నవ్వొస్తోంది, పొట్ట పట్టుకునేంత నవ్వు. వినడానికి ఆవిడా లేదు, వదినా లేదు.