మా రోకలి, అమ్మ ఎక్కిన విమానం

మా బాపు దేనికీ తొందరపడే మనిషి కాదు, రాళ్లవానకు తప్ప. ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వరి గింజ గట్టిపడే రోజుల్లో ఆయన అన్నం తింటున్నా, చాయ్ తాగుతున్నా సగం చూపు ఆకాశం మీదే ఉంటుంది.

రాళ్లవానకు మా ఇంట్లో ఒక మందు ఉంది. మొదటి రాయి రేకుల మీద టపీమని పడగానే పాత రోకలిని వాకిట్లోకి విసిరి, మబ్బును గుట్టల దిక్కు పొమ్మని గట్టిగా చెప్పాలి. విసిరేది ఎప్పుడూ అమ్మే. ఆ రోకలితో ఇప్పుడు దంచేదేమీ లేదు, ఈ ఒక్క ఉద్యోగం కోసమే దాన్ని తలుపు మూలన నిలబెట్టి ఉంచింది. నేను బడిలో సైన్సు చెబుతాను. రోకలికీ మబ్బుకూ ఏం సంబంధమని అమ్మను ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు, నీ పుస్తకంలో లేకపోతే అది పుస్తకం తప్పు అని.

మొన్నటి ఎండాకాలం అమ్మ తన అక్కచెల్లెళ్లతో కాశీకి వెళ్లింది. పోవడం రైల్లో, రావడం పట్నం దాకా విమానంలో. విమానం ఎక్కడం ఆమెకు అదే మొదలు. బయల్దేరుతూ బాపుకు ఒకే పని అప్పజెప్పింది, రాళ్లు పడితే రోకలి వెయ్యమని. బాన్సువాడ బస్టాండుకు పోయే ఆటోలో కూర్చున్నాక కూడా తల బయటపెట్టి మళ్లీ చెప్పింది.

తిరిగొచ్చే రోజు నాకు సెలవు. విమానం ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుందని చెప్పడమే ఆలస్యం, బాపు నా పక్కనుంచి కదల్లేదు. పటం మీద చిన్న పసుపు బొమ్మ చీమలా పాకుతోంది. అది నాగపూర్ దాటిందని సంబరపడుతుండగా పడమటి దిక్కున మబ్బు లేచింది. చూస్తుండగానే మొదటి రాయి పడింది.

బాపు ఒక్క గంతున లేచి రోకలి అందుకుని విసిరాడు. మాటలు మాత్రం మార్చాడు. మబ్బును పట్నం దిక్కు పొమ్మన్నాడు. గుట్టలకు పొమ్మనాలి కదా అన్నాను. గుట్టల కింద తండాల వాళ్లకూ నాలుగు మడుల వరి ఉంటుందట, పట్నంలో వరే లేదట, అక్కడ పడితే ఎవరికీ నష్టం లేదట. ఇన్నేళ్లుగా అమ్మకు తట్టని న్యాయం తనకు తట్టిందని మీసం కూడా దువ్వుకున్నాడు.

నిజంగానే రాళ్లు ఆగాయి. బాపు గొప్పగా వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్లో బొమ్మ పట్నం దగ్గరికి వచ్చి, దిగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. గుడి చుట్టూ తిరిగినట్టు అదేం తిరగడమని బాపు అడిగాడు. అక్కడ మబ్బులు పట్టి ఉంటాయన్నాను.

"రాళ్లు ఇమానానికి తాకుతయా బిడ్డా?"

తాకవచ్చని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను పంతులమ్మను, ప్రశ్న వినపడితే నా నోరు ఆగదు. పిట్లం రోడ్డు మీద ఆయన బండి నడుపుతూ రాళ్లవానలో చిక్కుకున్న సంగతి గుర్తు చేశాను. నిలబడ్డవాడి మీద రాయి వచ్చి పడుతుంది, బండి మీద పోయేవాడు తనే ఎదురెళ్లి దానికి కొట్టుకుంటాడు. ఇక విమానం వేగానికి చెప్పేదేముంది? ముందు అద్దం పగుళ్లు బారవచ్చు, ముక్కు సొట్టలు పడవచ్చు, రెక్కల అంచులు నలిగిపోవచ్చు, ఇంజన్లకూ దెబ్బ తగలవచ్చు. మబ్బు కిందే కాదు, పక్కన మబ్బు లేని చోటికి కూడా రాళ్లు ఎగిరిపడతాయని చెప్పాను.

బాపు ముఖం చూశాక గానీ పాఠం ఎక్కువైందని తెలియలేదు. అప్పుడు గబగబా మిగతాది చెప్పాను. విమానం ముక్కులో రాడార్ ఉంటుంది, ఏ మబ్బు చెడ్డదో పైలట్‌కు ముందే తెలుస్తుంది, అందుకే దూరంగా ఉండి తిరుగుతున్నాడు, తిరగడమే మంచిది అని. ఆ మిగతాది బాపు వినలేదు. వాకిట్లో పడి ఉన్న రోకలిని చూస్తున్నాడు.

"నేనే తోలిన గదా," అన్నాడు.

నాకు నవ్వాగలేదు. మన మబ్బు అంత తొందరగా పట్నం చేరాలంటే అది కూడా విమానం ఎక్కాలన్నాను. ఆయన నవ్వలేదు. చెప్పులైనా వేసుకోకుండా వాకిట్లోకి దిగి రోకలిని ఎత్తాడు. భుజం మీది తువ్వాలతో తుడిచి, లోపలికి తెచ్చి తలుపు మూలన నిలబెట్టాడు. మళ్లీ అరుగు మీదికి వచ్చి, పట్నం దిక్కు తిరిగి మెల్లగా అన్నాడు.

"మల్ల రా. ఈడనే పడు."

మా పొలం ఇంటి వెనకే, కాలువ కింద. వరి కోతకు వచ్చి ఉంది, కోత మిషన్ రేపో ఎల్లుండో రావాలి. అది మరిచిపోయి అన్న మాట కాదు. రోకలి లోపలికి తెచ్చినంత మాత్రాన రాళ్లు పడవని తెలిసి కూడా, ఆ వరి మీద నాకు దిగులు పట్టుకుంది.

మబ్బు వెనక మబ్బు రావడం మామూలే, బడిలో పిల్లలకు నేనే చెబుతాను. రెండో విడత వచ్చింది. రేకుల మోతకు మాట వినపడలేదు, వాకిలంతా తెల్లబడింది. బాపు ఒక్కసారి కూడా పొలం దిక్కు చూడలేదు. ఫోన్లో బొమ్మ ఇంకో చుట్టు తిరిగి, తిన్నగా సాగి, దిగింది. కాసేపటికి అమ్మ ఫోన్ చేసి, క్షేమంగా దిగామని చెప్పి, కిటికీ పక్క సీటు చెల్లెలే ఆక్రమించుకుందని ఫిర్యాదు చేసింది. బాపు ఏడ్చాడు. నా ముందు దాచుకోవాలని కూడా చూడలేదు.

మర్నాడు అమ్మ ఇంటికి వచ్చి, సంచి దించి, నేరుగా పొలం దగ్గరికి పోయింది. దోసిలి నిండా రాలిన వడ్లతో తిరిగొచ్చింది. మేమప్పుడు అన్నానికి కూర్చున్నాం.

"రోకలి ఎయ్యలేదా?"

నేను నోరు తెరిచాను. బాపు నా వైపు ఒక్క చూపు చూశాడు. మూసుకున్నాను.

"యాది మర్సిన," అన్నాడు.

ఇక అమ్మను ఆపడం ఎవరి తరం? ఒక్క పని, ఒకే ఒక్క పని చెప్పి పోతే అది కూడా చేతకాని మనిషితో ఇన్నేళ్లు కాపురం ఎట్లా చేసిందో తనకే అర్థం కాలేదంది. గంగలో ఆయన పేరున మునిగిన మునకలన్నీ దండగంది. బాపు తల వంచుకుని అన్నీ విన్నాడు. మధ్యలో పళ్లెం ఆమె ముందుకు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.