కోత పండుగ వేలంలో డబుల్ బేస్

నారాయణఖేడ్ చర్చిలో కోత పండుగ వేలం జోరుగా సాగుతోంది. గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, జొన్న కంకులు అయిపోయాయి. సంఘ పెద్ద స్టాన్లీ గొంతెత్తాడు.

"ఇగ గీ పెద్ద ఫిడేలు! పాడుండ్రి!"

కోటు వేసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన నెహెమ్యా లోపలికి పరుగెత్తాడు. అది అతని డబుల్ బేస్.

మిషన్ హాస్టల్లో కీర్తనలు పాడుతూ స్వరాలు పట్టుకున్న నెహెమ్యా, ముప్పై రెండేళ్లుగా హైదరాబాద్ హోటళ్లలో జాజ్ వాయిస్తున్నాడు. చప్పట్లన్నీ ముందు నిలబడే సాక్సాఫోన్ వాడికే. బేస్ ఆగితే తప్ప అది మోగుతోందని ఎవరికీ తెలియదు. సొంతూరు ఒక్కసారైనా వినాలని ఈసారి దాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చాడు. బలిపీఠం పక్కన గోడకు ఆనించి, కోటు వేసుకురావడానికి అక్క ఇంటికి వెళ్లాడు. మహానుభావుడు అక్కడే కొంప ముంచుకున్నాడు. కోత పండుగనాడు అక్కడ పెట్టిందల్లా కానుకే. పాస్టరు ప్రార్థన చేశాక వెనక్కి తీసుకోవడం లేదు, ఇచ్చినవాడు వేలంలో పాడుకోవడమూ లేదు.

"అది నా బతుకురా స్టాన్లీ! రేపు ప్రోగ్రాం ఉన్నది!"

"దేవునికిచ్చినంక నీదెట్లయితదిరా?"

"ఒక బస్తా జొన్నలు ఇస్త," అన్నాడు ప్రేమదాసు. "పైన కోపిచ్చి మూత పెడితే గింజలు పోసుకోవచ్చు."

కోయడమా! నెహెమ్యా బెంచీ మీద కూలబడ్డాడు.

"నా పాడి బర్రె!"

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిందా గొంతు. అందరూ తిరిగి చూశారు. నెహెమ్యా అక్క అక్కమ్మ. మొగుడు పోయాక ఆ బర్రె పాలు అమ్ముకునే బతుకుతోంది. ప్రేమదాసు పాట పెంచలేదు. స్టాన్లీ మూడుసార్లు అడిగి పాట ఆమె పేర ఖాయం చేశాడు.

"వద్దక్కా..." అన్నాడు నెహెమ్యా.

"నువ్వెవనివి వద్దననీకి? ఇగ గిది నాది. వాయించు."

నెహెమ్యా బేస్ నిలబెట్టి ఒక కీర్తన అందుకున్నాడు. ఈసారి ముందు సాక్సాఫోన్ వాడు లేడు. కూర్చున్న బెంచీలే అదిరాయి. అక్కమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది.

"గింత మంచిగ వాయిస్తవా తమ్మీ? గిన్నేండ్లు నాకెందుకు వినిపియ్యలే?"

నెహెమ్యా ఇంకో కీర్తన అందుకున్నాడు.

పొద్దున బేస్‌ను ఆటోలోకి ఎక్కించాడు. వాకిట్లో కట్టుకొయ్య ఖాళీగా ఉంది. గోడ మీద పాలక్యాన్ బోర్లించి ఉంది. నెహెమ్యా ఆటో ఎక్కకుండా అటే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నవ్? ఎక్కు," అంది అక్కమ్మ. "నా సామాను పైలం."